రైలు పట్టాకి పెట్టే గ్రీజు ట్యాంకు మూడు వారాలకే ఖాళీ, కర్వ్ (లైను వంపు) మాత్రం పొడిగానే ఉంది. ఎక్కడ తప్పు?

వంపుకాపలా
400 మీటర్ల వ్యాసార్ధం కర్వ్. ఒకటే లైను, రెండు దిక్కులా బండ్లు తిరుగుతాయి. బయటి పట్టాకి ఎలక్ట్రిక్ లూబ్రికేటర్ (గ్రీజు వదిలే యంత్రం) ఉంది: 150 కిలోల ట్యాంకు, పంపు, చక్రాలు లెక్కపెట్టే సెన్సర్, గేజ్ ఫేస్‌కి (పట్టాకి చక్రం రాసుకునే లోపలి పక్కకి) ఆనించిన, గ్రీజు వదిలే నాలుగు బార్లు, సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ. రోజుకి 24 బండ్లు, సగటున బండికి 200 ఇరుసులు.

12 ఇరుసులకి ఒక పల్స్ (పంపు ఒకసారి గ్రీజు నెట్టడం), పల్స్ పావు సెకను అని పెట్టి ఉండేది. ట్యాంకు నింపితే రెండు నెలలు వచ్చేది. పక్క అరుగుదల హద్దు దాటిందని ఈమధ్య బయటి పట్టా మార్చారు. అప్పట్నుంచీ ఇదే తంటా. కర్వ్ నడిమధ్యలో గేజ్ ఫేస్ మీద వేలు రాస్తే గరుకు తగులుతోంది, మరక అంటడం లేదు. పట్టా పాదం మీద తళతళలాడే ఇనప రజను పడి ఉంటోంది. చాలడం లేదేమోనని 12ని 4కి దించాం. ఇప్పుడు ట్యాంకు మూడు వారాలకే అడుగంటుతోంది, బార్ల దగ్గర స్లీపర్లూ కంకరా నల్లగా ముద్దయ్యాయి, 300 మీటర్లు నడిస్తే మళ్ళీ పొడే. పైగా కర్వ్ దాటాక ఎగువలో ఇంజన్ల చక్రాలు జారుతున్నాయని ఫిర్యాదు.

ఇంకా పెద్ద పంపు వేయించాలా?

గ్రీజుగిన్నె
ముందు లెక్క చూద్దాం. రోజుకి 24 x 200 = 4800 ఇరుసులు. 12కి ఒకటి చొప్పున 400 పల్సులు. 150 కిలోలు రెండు నెలలు వచ్చాయంటే రోజుకి సుమారు 2.4 కిలోలు, అంటే పల్సుకి 6 గ్రాములు. 4కి దించితే 1200 పల్సులు, 7.2 కిలోలు, ట్యాంకు 21 రోజులు. మీరు చెప్పిన మూడు వారాలకి సరిగ్గా సరిపోయింది.

అంటే పంపు బాగుంది, సెన్సరూ బాగుంది. పంపు వదిలిన గ్రీజు చక్రానికి అంటడం లేదు. పెద్ద పంపు వేస్తే కంకరకి ఇంకాస్త ఎక్కువ వడ్డిస్తారు, అంతే.

చక్రవర్తి
బూడిదలో పోసిన పన్నీరు విన్నాం, కంకరలో పోసిన గ్రీజు ఇప్పుడు చూస్తున్నాం.

కొలతలరాణి
పట్టా మార్చాక బార్ల ఎత్తు మళ్ళీ సరిచేశారా? లేక పాత క్లాంపులు పాత గుర్తుల దగ్గరే బిగించేశారా?

బార్లు పట్టా పాదానికి పట్టుకుని ఉంటాయి. పట్టా నెత్తి అరిగినా, గ్రైండింగ్ చేసినా నెత్తి కిందికి దిగుతుంది, బార్ ఉన్నచోటే ఉంటుంది. అంటే నెత్తితో పోలిస్తే బార్ పైకి వచ్చినట్టు. అందుకని అరిగిన పట్టాకి బార్ కొంచెం కొంచెంగా కిందికి దించుకుంటూ వస్తారు. ఇప్పుడు నిండు ఎత్తున్న కొత్త పట్టా వేసి పాత గుర్తు దగ్గరే బిగిస్తే బార్ లోతులో పడిపోతుంది. గ్రీజు బయటికి వస్తుంది గానీ ఫ్లాంజ్ (చక్రానికి లోపలి వైపు ఉండే అంచు) దాన్ని తాకదు. పేరుకుని పేరుకుని బరువుకి జారి కింద పడుతుంది. మీ స్లీపర్ల మీద ఉన్న ముద్ద అదే అనుకుంటున్నా.

వంపుకాపలా
పాత గుర్తుల దగ్గరే బిగించారు. టెంప్లేట్ (బార్ ఎత్తు సరిచూసే అచ్చు) పెట్టి చూడలేదు.

ఇసుకడబ్బా
ఇంజన్ వైపు నుంచి ఒక మాట. చక్రం జారితే మేం ఇసుక వేస్తాం. ఆ ఇసుక గ్రీజులో కలిస్తే గేజ్ ఫేస్‌కి సాన పట్టినట్టే. ఒకచోట ఎక్కువ గ్రీజు పోసి, ముందుచోట ఇసుక పోయించి, చివరికి పట్టా అరిగిపోతోందంటే ఎలా? పట్టా నెత్తి మీద గ్రీజు పడితే బ్రేకు దూరం కూడా పెరుగుతుంది. ఎగువలో చక్రం ఒకేచోట గిర్రున తిరిగితే పట్టా మీద కాలిన మచ్చ పడుతుంది. అది మాత్రం గ్రీజుతో పోదు.

మూలమలుపు
అందరూ బార్ ఎత్తే పట్టుకున్నారు. లూబ్రికేటర్ అసలు ఎక్కడ పెట్టారు? కర్వ్ లోపలా, ట్రాన్సిషన్ (సూటి లైను మెల్లగా వంపు తిరిగే భాగం) మొదట్లోనా?

వంపుకాపలా
@మూలమలుపు కర్వ్ నిండు వంపు మొదలయ్యాక ఇంకో 60 మీటర్లు లోపల.

మూలమలుపు
అదీ సంగతి. నిండు వంపులో ఫ్లాంజ్ గట్టిగా నొక్కుకుని వెళ్తుంది. అక్కడ గ్రీజు అంటడం కన్నా చిమ్మడం ఎక్కువ. మరీ వెనక్కి, సూటి లైన్లో పెడితే ఫ్లాంజ్ పట్టాని తాకనే తాకదు. ట్రాన్సిషన్లో ఫ్లాంజ్ అప్పుడప్పుడే రాసుకోవడం మొదలయ్యే చోటు ఉంటుంది. కొత్త పట్టా కదా, గేజ్ కార్నర్ (నెత్తీ గేజ్ ఫేసూ కలిసే మూల) మీద మెరిసే గీత ఎక్కడ మొదలైందో నడుచుకుంటూ వెళ్తే కంటికే కనబడుతుంది. బార్లు అక్కడ ఉండాలి. చోటు మార్చందే మిగతావి ఎన్ని చేసినా ఒకటే.

గ్రీజుగిన్నె
@మూలమలుపు "చోటు మార్చందే" అంటే ఒప్పుకోను. అదే చోట రెండు నెలలు ట్యాంకు వచ్చింది, కర్వ్ తడిగానే ఉండింది. చోటు బాగాలేదు, నిజమే. కానీ కొత్తగా చెడింది చోటు కాదు, పట్టా మార్చాక మారినదేదో అది. ఉన్నచోటే ముందు బాగుచెయ్యనీ. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

మూలమలుపు
సరే, క్రమం మీరు చెప్పినట్టే. కానీ చోటు సంగతి మరిచిపోవద్దు. ఒకటే లైను, రెండు దిక్కులా బండ్లు అన్నారు. అవతలి వైపు నుంచి వచ్చే బండి కర్వ్ అంతా పొడిగా రాసుకుని, ఆఖర్న బార్లు దాటి గ్రీజంతా సూటి లైన్లోకి మోసుకుపోతుంది.

గ్రీజుగిన్నె
అది ఒప్పుకుంటా. అవతలి కొసన కూడా ఒకటి ఉండాల్సిందే.

@వంపుకాపలా ఇప్పుడు చేయాల్సింది క్యాచ్ టెస్ట్. లైను మీద రక్షణ పెట్టుకుని:

పంపు నుంచి బయటికొచ్చే గొట్టం విప్పి, కంట్రోలర్లో మాన్యువల్ పల్స్ నొక్కి 10 పల్సులు డబ్బాలో పట్టి తూయండి. 60 గ్రాముల అటూఇటూ రావాలి. తరవాత గొట్టం బిగించి, ఒక్కో బార్ కింద ఒక అట్టముక్క పెట్టి మళ్ళీ 10 పల్సులు. నాలుగు అట్టలూ విడివిడిగా తూయండి. నాలుగూ దాదాపు సమానంగా రావాలి. ఒక బార్‌కి 25, ఇంకోదానికి 3 వస్తే దారిలో అడ్డు ఉన్నట్టు. గ్రీజుకి దారి తేలిక ఎటుంటే అటే పోతుంది. దగ్గరి బార్, పొట్టి గొట్టం ఉన్నది అంతా మింగేస్తుంది.

చక్రవర్తి
గొట్టాలు నాలుగూ ఒకే పొడవు ఉండాలని పుస్తకంలో రాస్తారు. పని దగ్గర మాత్రం మిగిలిన ముక్కకి సరిపడా కోస్తారు :)

కొలతలరాణి
నాలుగు బార్లూ పనిచేయడం ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పుకోవాలి. 920 మి.మీ. వ్యాసం చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.9 మీటర్లు. బార్లన్నీ కలిపి ఆ పొడవునా గ్రీజు పెడితే ఫ్లాంజ్ చుట్టూరా అంటుతుంది. సగం బార్లు మూసుకుపోతే ఫ్లాంజ్‌లో సగమే తడుస్తుంది, మిగతా సగం పొడిగా పట్టాని గీరుకుంటూ పోతుంది. ఉన్న రెండు బార్ల నుంచి రెట్టింపు వదిలినా ఆ పొడి సగానికి చేరదు. అదనపు గ్రీజు చక్రం విసురుకి ఎగిరి పట్టా నెత్తి మీదా, కంకరలోనూ పడుతుంది. 12ని 4 చేసినప్పుడు మీ దగ్గర జరిగింది ఇదే అయ్యుండొచ్చు. ఇంజన్ జారడం కూడా అందుకే.

కొత్తబోల్టు
పంపూ సెన్సరూ ఎందుకు, చేత్తో బ్రష్ పెట్టి పూస్తే సరిపోదా? జాయింట్లకి మేం అలాగే పూస్తాం.

ఫిష్‌ప్లేట్
@కొత్తబోల్టు రెండూ కలపొద్దు. జాయింటుకి గ్రీజు పెట్టేది పట్టా ఎండకి సాగి, చలికి ముడుచుకునేటప్పుడు ఫిష్‌ప్లేట్ల (రెండు పట్టాల కొసలని కలిపి బిగించే పలకల) మధ్య జరగడానికి. ఏడాదికోసారి, చల్లటి కాలంలో. ప్లేట్లు విప్పి, వైరు బ్రష్‌తో తుప్పు గీకి, బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్ళు వెతికి, ఆనే ముఖాలకి గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాసి బిగించాలి. అది చేయకపోతే జాయింటు బిగుసుకుపోయి ఎండాకాలం పట్టా పక్కకి ఉబుకుతుంది.

కర్వ్‌కి గ్రీజు వేరే లెక్క. చేత్తో పూయొచ్చు, తప్పు లేదు, బండ్లు తక్కువ తిరిగే కర్వ్‌కి అదే చాలు. బయటి పట్టా గేజ్ ఫేస్‌కి మాత్రమే, మిల్లీమీటరు మందం, నెత్తి అంచుకి తగలకుండా. కానీ రోజుకి 4800 ఇరుసులు పోయే చోట పొద్దున పూసింది ఎంతసేపుంటుందో మీరే చెప్పండి.

కొత్తబోల్టు
అర్థమైంది. పాయింట్ల (బండి లైను మారే చోటు) కింద, కదిలే పట్టా జరిగే స్లైడ్ చెయిర్లకి పెట్టేది మూడోదా?

ఫిష్‌ప్లేట్
మూడోదే. అక్కడ జిడ్డు గ్రీజు పెడితే దుమ్మూ ఇసుకా పట్టుకుని నాలుక పట్టా కదలడం బరువైపోతుంది. పాతది పూర్తిగా గీకి తుడిచాకే కొత్తది.

వంపుకాపలా
క్యాచ్ టెస్ట్ చేశాం. పంపు దగ్గర 10 పల్సులకి 61 గ్రాములు. @గ్రీజుగిన్నె లెక్క ఒక్క గ్రాము తేడాతో నిలబడింది.

బార్ల దగ్గర: 1వ బార్ 33, 2వ బార్ 24, 3వది 4, 4వది సున్నా. టెంప్లేట్ పెడితే నాలుగు బార్లూ 5 మి.మీ. కిందికి ఉన్నాయి. 4వ బార్ గొట్టం విప్పితే లోపల పసుపుపచ్చగా, సబ్బుముక్కలా గట్టిపడింది. గొట్టం కొస నుంచి నూనె మాత్రం కారుతోంది. ఇదేంటి?

గ్రీజుగిన్నె
గ్రీజంటేనే సబ్బులో పట్టి ఉంచిన నూనె. లిథియం సబ్బో, కాల్షియం సబ్బో స్పాంజిలా నూనెని పట్టుకుంటుంది. పట్టా మార్చేటప్పుడు లూబ్రికేటర్ ఆపేసి గొట్టాలు ఎండలో పడేసి ఉంటారు. వేడికి నూనె విడిపోయి కారిపోయింది, సబ్బు గొట్టంలో మేకై కూర్చుంది. ఆ మేకుని పంపు నెట్టలేదు, తేలిక దారిలో 1వ బార్‌కి పోయింది.

బాగుచేసే పద్ధతి: కంట్రోలర్ ఆఫ్. బార్లు దించండి. చిల్లులు ఒక్కొక్కటీ సన్నటి తీగతో పొడవండి. చేతి గ్రీజుగన్ బార్ మొదటికి పెట్టి, అన్ని చిల్లుల నుంచీ ఒకే రంగు తాజా గ్రీజు వచ్చేదాకా కొట్టండి. గొట్టంలో సబ్బు గట్టిపడితే కడుగుతూ కూర్చోవద్దు, మార్చేయండి. నాలుగూ ఒకే పొడవు. కిరసనాయిలు పోసి కడిగే అలవాటు చాలామందికి ఉంది. లోపల మిగిలింది కొత్త గ్రీజుని పల్చన చేసి మళ్ళీ కిందికి కారుస్తుంది.

చక్రవర్తి
రోగం గొట్టానిది, మందు పంపుకి వేశారన్నమాట.

కందెనశాస్త్రి
గ్రీజు రకం కూడా చూడండి. ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు చిక్కదనం కొలమానం) గ్రేడు 2 అంటే చొచ్చుకుపోయే అంకె 265 నుంచి 295, గ్రేడు 1 అయితే 310 నుంచి 340, గ్రేడు 0 అయితే 355 నుంచి 385. అంకె పెరిగేకొద్దీ పల్చన. చలి రాత్రుల్లో గ్రేడు 2 పొడుగాటి గొట్టాల్లో కదలనని మొరాయిస్తుంది. మండుటెండలో గ్రేడు 0 బార్ మీద నిలవకుండా కారిపోతుంది. రెండు కాలాలూ గట్టిగా ఉండే చోట కాలానికో గ్రేడు వాడతారు.

రకం మార్చేటప్పుడు ట్యాంకులో పాతదాని మీదే కొత్తది పోయకండి. లిథియం గ్రీజులో బంకమట్టి ఆధారంగా చేసినది కలిస్తే నీళ్ళలా అయినా అవుతుంది, గట్టిపడైనా పోతుంది. గ్రాఫైట్ గానీ మాలిబ్డినం డైసల్ఫైడ్ గానీ కలిపినదైతే నూనె పిండుకుపోయాక కూడా ఆ పొడి పొర పట్టా మీద మిగిలి కాస్త కాపాడుతుంది. ఇంకో మాట, మీ పక్కన గ్లూడ్ జాయింటు (పట్టాలో కరెంటు దాటకుండా జిగురుతో అతికించిన జాయింటు) ఉందా?

వంపుకాపలా
ఉంది, బార్ల నుంచి 25 మీటర్లు.

కందెనశాస్త్రి
దాని మీద కన్నేసి ఉంచండి. గ్రీజులో చిక్కుకున్న ఇనప రజను జాయింటు సందులో పేరుకుంటే రెండు కొసలూ కరెంటుకి కలిసిపోయి ట్రాక్ సర్క్యూట్ (లైను మీద బండి ఉందో లేదో పట్టాలో కరెంటుతో చెప్పేది) తప్పు చూపిస్తుంది. బండి లేకుండానే సిగ్నల్ ఎర్రగా నిలబడుతుంది. తుడిచి పొడిగా ఉంచాలి.

ఇసుకడబ్బా
ఇదంతా బాగానే ఉంది. లోపలి పట్టా కీచుమని అరుస్తుంది కదా, దానికీ ఇదే గ్రీజు పూయమని ఎవరూ అనకండి దయచేసి.

కొలతలరాణి
@ఇసుకడబ్బా ఎవరూ అనరు. ఆ కీచు గేజ్ ఫేస్‌ది కాదు. కర్వ్‌లో చక్రం లోపలి పట్టా నెత్తి మీద అడ్డంగా జారుతూ పట్టి వదులుతూ పోతుంది, అరుపు అక్కడిది. దానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ అని వేరే పదార్థం ఉంది. నీళ్ళలో కలిపిన ఘన రేణువులు, నీరు ఆరిపోయాక పల్చటి పొర మిగులుతుంది. అది జారుడు చేయదు. ఘర్షణ గుణకాన్ని 0.35 దగ్గర నిలబెడుతుంది. పొడి పట్టా మీద 0.5, ఒక్కోసారి ఇంకా పైన. 0.35 దగ్గర ఇంజన్ లాగుతుంది, బ్రేకూ పడుతుంది.

గేజ్ ఫేస్ లక్ష్యం వేరు: 0.25 కన్నా కింద. పట్టా నెత్తి 0.30 నుంచి 0.40. ఎడమ, కుడి నెత్తుల మధ్య తేడా 0.1 మించకూడదు. బయటి పట్టా నెత్తి మీద గ్రీజు పడి లోపలి నెత్తి పొడిగా ఉంటే బోగీ (పెట్టె కింద ఇరుసులుండే చట్రం) తిరగడానికి సాయపడే బలం పోతుంది, పక్క ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గ్రీజు పూసి అరుగుదల పెంచుకోవడమంటే అదే. వేలితో చూడటం మంచిదే గానీ ట్రైబోమీటర్ (ఘర్షణ కొలిచే పరికరం) నడిపితే తప్ప అంకె తెలియదు.

మూలమలుపు
అరుగుదల ఆగిందో లేదో మాత్రం ట్రైబోమీటర్ చెప్పదు. నెత్తికి 14 మి.మీ. కింద పక్క కొలత నెలనెలా, పెయింటు గుర్తు పెట్టిన అవే చోట్ల తీసుకోండి.

పగులుచూపు
ఒక హెచ్చరిక. అరుగుదల తగ్గింది కదా అని సంబరపడకండి. పట్టా అరిగేటప్పుడు గేజ్ కార్నర్ మీది సన్నటి పగుళ్ళు కూడా అరిగిపోతాయి. గ్రీజు బాగా అందితే అవి అలాగే ఉండి ఎదుగుతాయి. పైగా కొన్నాళ్ళు పొడిగా నడిపి పగుళ్ళు పుట్టనిచ్చి, తరవాత గ్రీజు ఇస్తే ఇంకా చేటు. చక్రం నొక్కినప్పుడు పగులులో చిక్కిన ద్రవం చీలలా పనిచేసి లోపలికి చీలుస్తుంది. మీ కొత్త పట్టా ఇప్పటికే పొడిగా నడిచింది కాబట్టి గేజ్ కార్నర్ భూతద్దంతో చూడండి. చేపపొలుసుల్లాంటి గీతలుంటే పల్చగా గ్రైండింగ్ చేయించాకే పూర్తి లూబ్రికేషన్.

గ్రీజుగిన్నె
గ్రైండింగ్ ముందు లూబ్రికేటర్ ఆపి, పట్టా పాదం మీది పాత ముద్దంతా గీకేయాలి. నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఎలాగూ ఆ ముద్ద కింద క్లిప్పులు కనబడవు, విరిగినా తెలియదు.

వంపుకాపలా
రెండు వారాల తరవాత:

కార్నర్ మీద గీతలు లేవు, బతికిపోయాం. గొట్టాలు నాలుగూ ఒకే పొడవువి మార్చాం, బార్లు టెంప్లేట్ ప్రకారం 5 మి.మీ. లేపాం. క్యాచ్ ఇప్పుడు 16, 15, 15, 14. సెట్టింగ్ మళ్ళీ 12. గేజ్ ఫేస్ కర్వ్ మధ్యలో 0.17, అవతలి కొసన 0.22. బయటి నెత్తి 0.29, లోపలి నెత్తి 0.43. పట్టా పాదం మీద కొత్త రజను లేదు.

కొలతలరాణి
గేజ్ ఫేస్ బాగుంది. నెత్తుల తేడా 0.14, ఎక్కువే. బయటి నెత్తి మీదికి ఇంకా కొంచెం ఎక్కుతోంది. కంకర మీది పాత ముద్ద నుంచి కూడా రావచ్చు. 16 ఇరుసులకి పెట్టి నాలుగు రోజులు ఆగి మళ్ళీ కొలవండి. పాత పొర పోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది, మర్నాడే కొలిస్తే ఏమీ తెలియదు.

వంపుకాపలా
16కి పెట్టాం. నాలుగు రోజులకి: గేజ్ ఫేస్ 0.18, 0.24. బయటి నెత్తి 0.34, లోపలిది 0.42. రోజుకి 1.8 కిలోలు పోతోంది, ఈ లెక్కన ట్యాంకు 80 రోజుల పైన వస్తుంది. కింద గ్రీజు పట్టే మ్యాట్లు కూడా పరిచాం. అవతలి కొసకి ఇంకొకటి, ఉన్నదాన్ని ట్రాన్సిషన్లోకి జరపడం పై అధికారులకి రాశాం.

మూలమలుపు
హమ్మయ్య, చోటు గుర్తుంది. 0.24 అంటే గీత మీదే ఉన్నారు, అవతలి కొసకి రెండోది వచ్చేదాకా 16 దాటించకండి.

ఇసుకడబ్బా
ఎగువలో ఫిర్యాదులు ఆగాయా?

వంపుకాపలా
ఈ వారం ఒక్కటీ లేదు. వచ్చే వారం అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది, లూబ్రికేటర్ ఎప్పుడు ఆపాలి?

పగులుచూపు
కొన్ని రోజుల ముందే ఆపి, నెత్తి తుడిపించండి. మందపాటి గ్రీజు పొర మీద ప్రోబ్ సరిగ్గా ఆనదు, లోపల పగులున్నా ప్రతిధ్వని రాదు. ఆపిన రోజు కంట్రోలర్ తాళంచెవికి ఒక చీటీ కట్టి, మళ్ళీ ఆన్ చేయాల్సిన తేదీ దాని మీద రాయండి. గొట్టాలు మాత్రం ఈసారి ఎండలో పడేయకండి.

చక్రవర్తి
ఆ చీటీకి గ్రీజు అంటితే తేదీ కనబడదు. పెయింటుతో రాయండి.